ఓవర్‌హెడ్ క్రేను పనివారల భద్రతాశిక్షణ: భాషావిచారము (శ్రీకాకుళ విజయనగర జిల్లాల వ్యవహారము ననుసరించి)

1

వృత్తిపదముల సేకరణము తెలుగు భాషాపరిశోధనలో నొక ముఖ్యశాఖ. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము ప్రథమసంపుటము వ్యవసాయపదములను ప్రాంతభేదములతో చూపి ఈ శాఖకు పునాది వేసినది. తరువాత చేనేత మొదలగు ఇతర వృత్తుల పదములును కోశములకెక్కినవి. నాగలికిని మగ్గమునకును సంబంధించిన పదజాలము తరతరములుగా పెరిగి, వాడుకలో అరిగి, నునుపెక్కినది. యంత్రశాలయందలి పదజాలమట్టిది కాదు. అది ఒకటి రెండు తరములలోనే ఏర్పడినది. అందు కొంత ఇంగ్లీషు, కొంత హిందీ, కొంత ఓడరేవుల భాష, మిగిలినది పనివాడు తన యూరినుండి తెచ్చుకొన్న తెలుగు. ఇట్టి పదజాలమున అర్థభేదమేర్పడినచో కలుగు నష్టము పాఠాంతరమువలన కలుగు నష్టమువంటిది కాదు. ఒక్క మాట తప్పుగా వినబడినందున మనిషి ప్రాణము పోవచ్చును.

ఓవర్‌హెడ్ క్రేను నడుపువారికిని, దానిని మరమ్మతు చేయువారికిని ఇచ్చెడి భద్రతాశిక్షణలో భాష వహించు పాత్రను వివరించుట ఈ వ్యాసమున మా యుద్దేశము. యంత్రశాస్త్రము మా విషయము కాదు. కాని ఆ శాస్త్రము పనివానికి మాటలద్వారమున చేరవలసినదే కనుక, ఆ ద్వారమెట్లున్నదో పరీక్షించుట భాషాధ్యాపకుల విధి యని మా యభిప్రాయము.

2

ముందుగా యంత్రమును గూర్చి కొంత చెప్పవలెను. కార్ఖానా షెడ్డులో ఇరుప్రక్కల స్తంభములమీద ఎత్తున పట్టాలుండును. ఆ పట్టాలమీద, షెడ్డు వెడల్పునంతయు ఆక్రమించి, ఒక ఇనుప వంతెన ముందుకు వెనుకకు కదలును. దీనిని పనివారు ‘లాంగ్ ట్రావెల్’ అందురు. ఆ వంతెనమీద చిన్న బండి యొకటి అడ్డముగా కదలును. అది ‘క్రాస్ ట్రావెల్’. ఆ బండిలోని మోటారు ఇనుపమోకును పీపాకు చుట్టుచు, విప్పుచు, హుక్కును ఎత్తించుచు దించుచు నుండును. అది ‘హాయిస్టు’. విద్యుత్తుతో నడచునది కనుక ఈ.ఓ.టి. క్రేను అని వాడుక. నడుపువాడు పైనున్న క్యాబినులో కూర్చుండియో, క్రింద నిలిచి వ్రేలాడు మీటల పెట్టెను చేతబట్టియో నడపును. బరువునకు స్లింగు కట్టి హుక్కునకు తగిలించువాడు వేరొకడు. సైగచేయువాడు మరియొకడు. మరమ్మతు చేయువారు వేరు. ఈ నలుగురి నడుమ పోవు మాటలే మనకు ముఖ్యము.

శ్రీకాకుళ విజయనగర జిల్లాలు ప్రధానముగా వ్యవసాయప్రాంతములే యైనను, క్రేను పనికి క్రొత్తవి కావు. గరివిడి ప్రాంతమున మాంగనీసు ఖనిజమునాశ్రయించి ఫెర్రో ఎల్లాయ్స్ పరిశ్రమ 1950లలోనే వెలసెను. బొబ్బిలిలోను, శ్రీకాకుళము జిల్లా పైడిభీమవరములోను పారిశ్రామికవాడలేర్పడినవి. అంతకంటె ముఖ్యముగా, ఈ రెండు జిల్లాల యువకులు విశాఖపట్టణపు ఓడరేవునకును, నౌకానిర్మాణశాలకును, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమునకును పనికై పోవుచున్నారు. సామాన్యముగా బస్తాలు మోయు కూలీలను ఈ ప్రాంతమున ‘కళాసీలు’ అందురు. బరువులకు మోకులు కట్టి క్రేనుకు తగిలించు పనివానికిని ‘ఖలాసీ’ అనియే పేరు. ఒకే పదము ధాన్యపు బస్తానుండి ఉక్కుదిమ్మెవరకు నడచివచ్చినది. పనివాడును అట్లే వచ్చినాడు. బస్తా మోయుటలో అతనికి గల నేర్పు గొప్పదే. కాని పది టన్నుల బరువు భుజమునకు తెలియదు. ఆ తెలివిడిని శిక్షణయే కలిగింపవలెను.

3

శాసనము ఈ సంగతిని గుర్తింపకపోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 29వ సెక్షను ప్రతి ఎత్తుడు యంత్రమును, గొలుసును, మోకును అర్హుడైన పరీక్షకుడు 12 నెలలకొకసారియైన క్షుణ్ణముగా పరీక్షింపవలెననియు, ఎత్తదగిన గరిష్ఠభారమును యంత్రముమీద స్పష్టముగా గుర్తింపవలెననియు, ఆ భారము మించి ఎత్తరాదనియు విధించినది. క్రేను నడచు పట్టాలవద్ద ఎవరైన పని చేయుచున్నపుడు క్రేను ఆ చోటికి 6 మీటర్లలోపునకు రాకుండ చూడవలెననియు అందే కలదు. 1987 నాటి సవరణము 111ఏ సెక్షనును చేర్చి, భద్రతావిషయములను తెలిసికొనుటకును శిక్షణ పొందుటకును కార్మికునికి హక్కు కల్పించినది. ఆ చట్టపు స్థానమున 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతాస్మృతి 2025 నవంబరు 21నుండి అమలులోనికి వచ్చినది.

భాషాదృష్టితో చూచువారికి 1948 చట్టమున 108వ సెక్షను మరింత ముఖ్యమైనది. కార్ఖానాలో కట్టవలసిన ప్రకటనలన్నియు ఇంగ్లీషులోను, కార్మికులలో అధికసంఖ్యాకులకు అర్థమగు భాషలోను ఉండవలెనని అది చెప్పినది. ‘రాష్ట్రభాషలో’ అనలేదు, ‘అర్థమగు భాషలో’ అన్నది. ఈ రెంటికిని గల భేదము చిన్నది కాదు. తెలుగు లిపిలో వ్రాసినంతమాత్రమున ప్రతి వాక్యము తెలుగువానికి అర్థమగుననుట పొరపాటు. ‘భారోద్ధరణయంత్ర సంచాలనసమయమున అధోభాగమున సంచరించుట నిషిద్ధము’ అని పలక వ్రాసినచో వ్యాకరణదోషమేమియు లేదు. చట్టమును నెరవేరినట్లే కనబడును. కాని ఆ పలక క్రిందనే కార్మికుడు నడచిపోవును. ‘క్రేను కదులుతుంటే కింద నిలబడకు’ అన్నచో ఎనిమిదేండ్ల బాలునికిని తెలియును.

4

ఇక ఆజ్ఞాపదములను పరిశీలింతము. హాయిస్టుకు కావలసిన ఆజ్ఞలు మూడు: ఎత్తుట, దించుట, ఆపుట. ఈ మూటికిని తెలుగున చక్కని చిన్న పదములున్నవి: ఎత్తు, దించు, ఆపు. మొదటి అచ్చులు మూటియందును వేరువేరు. కనుక చప్పుడులోను వీనిని గుర్తింపవచ్చును. చిక్కు ఎక్కడ వచ్చుననగా, పనివాడు సహజముగా మాటాడునపుడు ‘ఆపు’ అనుటకు మారుగా ‘ఎత్తొద్దు’, ‘ఎత్తకు’ అనును. ఇంగ్లీషున నిషేధవాచకము క్రియకు ముందు వచ్చును. తెలుగున అది క్రియకు చివర చేరును. ‘ఎత్తొద్దు’ అనుమాటలో నిషేధమంతయు చివరి భాగముననే కలదు. కొలిమి హోరులో, మోటారు మ్రోతలో ఆ చివరిభాగము మునిగిపోయినచో మిగులునది ‘ఎత్తు’. చెప్పినవాని యుద్దేశము ఆపుట. విన్నవాడు చేయునది ఎత్తుట. ఇది వ్యక్తి పొరపాటు కాదు, భాషాస్వభావము. కనుక తెలుగులో శిక్షణ నిచ్చువారు మొదట నేర్పవలసిన సూత్రమిది: కదలికను ఆపుటకు ఆ కదలిక పేరును ఎన్నడును పలుకరాదు. ‘ఎత్తొద్దు’, ‘దించకు’, ‘రానీకు’ అన్న రూపములన్నియు క్రేను క్రింద నిషిద్ధములు. ‘ఆపు’ ఒక్కటే గ్రాహ్యము.

రెండవ చిక్కు మాండలికమునకు సంబంధించినది. ఈ ప్రాంతమున విడుచుట యను అర్థమున ‘ఒగ్గు’ ధాతువు విరివిగా వాడబడును. ‘ఒగ్గేయ్’, ‘ఒగ్గీ’ అన్నవి దాని విధిరూపములు. స్లింగు పట్టుకొన్నవానితో ‘ఒగ్గీ’ అన్నచో ‘నీ చేయి తీయుము’ అని యర్థము. క్రేను నడుపువానికి అదే మాట వినబడినచో ‘బరువును వదలుము’, అనగా దించుమని అర్థము కావచ్చును. ఒకే మాట ఇద్దరు వినుచున్నారు. ఇద్దరికిని వేరు పనులు. చేయి తీయకముందే బరువు దిగినచో వ్రేళ్ళు నలుగును. ఆ మాండలికపదము తక్కువదనుట మా యుద్దేశము కాదు. అది అచ్చమైన చక్కని తెలుగు. ఆ స్థలమున దానికి రెండర్థములేర్పడుటయే దోషము. దాని బదులు చేతివానితో ‘చెయ్యి తియ్యి’ అనియు, నడుపువానితో ‘దించు’ అనియు వేరుపరచి పలుకుటను అలవాటు చేయవలెను.

మూడవది దిక్కులకు సంబంధించినది. సైగచేయువాడు నడుపువానికి ఎదురుగా నిలుచును. ఒకని కుడి రెండవవానికి ఎడమ. మన గ్రామములలో తూర్పువీథి, పడమటిల్లు, దక్షిణపు గట్టు అని దిక్కులతో చెప్పు వాడుక నేటికిని కలదు. దిక్కు మనిషితో పాటు తిరుగదు. కనుక కుడియెడమలను విడిచి, షెడ్డు గోడలమీదను, వంతెనమీదను, మీటల పెట్టెమీదను దిక్కుల పేర్లను పెద్ద అక్షరములతో వ్రాసి, ‘తూర్పుకి’, ‘పడమరకి’ అని నేర్పుట మేలు. క్రేనుమీద దిశాచిహ్నములుండవలెనను నియమము ఇతరదేశములలోను కలదు. మన పల్లెవాడుక ఇచట దానికి సహాయపడుచున్నది.

నాల్గవది మర్యాదకు సంబంధించినది. దీనిని శిక్షకులు సామాన్యముగా గమనింపరు. క్రేను నడుపువాడు పెద్దవాడు, అనుభవజ్ఞుడు. క్రింద నున్న సహాయకుడు ఇరువదేండ్లవాడు, ఒకే యూరివాడు, వరుసకు మావా అనియో బాబూ అనియో పిలుచువాడు. స్లింగు జారుచున్నదని అతడు మొదట చూచెను. అరువవలసినది ‘ఆపు’ అని. కాని పెద్దవానిని ఏకవచనమున ఎట్లు శాసించును? ‘మావా, కొంచెం ఆపండి’ అని మర్యాదగా మొదలుపెట్టును. ముఖ్యమైన పదము మూడవ స్థానమున పడినది. అప్పటికి బరువు జారినది. మేస్త్రికి తెలియదా యని ఊరకుండుటయు కలదు. కనుక శిక్షణలో పెద్దలయెదుటనే ఈ మాట స్పష్టము చేయవలెను: ‘ఆపు’ అనునది మనిషికి చెప్పు మాట కాదు, యంత్రమునకు చెప్పు మాట. దానియందు అమర్యాద లేదు. కదలికల సైగలను నియమితుడైన ఒక్కనినుండియే గ్రహింపవలెను. కాని ఆపుమన్న సైగను ఎవరు చేసినను, నిన్న చేరిన కుర్రవాడు చేసినను, తక్షణమే పాటింపవలెనన్నది సర్వత్ర అంగీకృతమైన నియమము. మన సంఘమున ఈ నియమమును నేర్పుట యంత్రజ్ఞానము నేర్పుటకంటె కష్టము.

ఈ కారణములచేతనే హస్తసంజ్ఞలకు ప్రాధాన్యము. ముంజేయి నిలువుగా ఎత్తి, చూపుడువ్రేలు పైకి చూపి చిన్న సున్న చుట్టినచో ఎత్తుట. చేయి క్రిందికి చాచి, వ్రేలు క్రిందికి చూపి సున్న చుట్టినచో దించుట. చేయి చాచి, అరచేయి నేలవైపు త్రిప్పి, అటునిటు ఊపినచో ఆపుట. ఈ ప్రాంతపు పనిశాలలలో తెలుగువారితోపాటు సరిహద్దు ఒడియావారును, ఏజెన్సీనుండి వచ్చిన సవరలును, ఉత్తరదేశీయులును కలసి పనిచేయుట కలదు. ఓడరేవుల ఖలాసీల వాడుకలో ఎత్తుటకు ‘హబీస్’ అనియు, దించుటకు ‘ఆరియా’ అనియు పదములున్నవి. ‘ఆరియా’ దించుట యను అర్థముగల పోర్చుగీసు పదమునుండి వచ్చినది. ఓడలలో ఏర్పడిన ఈ మిశ్రభాష నేటికిని బరువు పనులలో నిలిచియుండుట పరిశోధకులకు ఆసక్తికరము. కాని ఒక పాళీవారు ‘ఆరియా’ అనియు, మరియొక పాళీవారు ‘దించు’ అనియు వాడుచోట పాళీ మారినపుడు ప్రమాదమునకు అవకాశము కలుగును. ఒక శాలకు ఒక్కటే పదము, ఒక్కటే సైగ ఉండవలెను.

5

మరమ్మతు చేయువారి భాషలో మరియొక ముఖ్యసమస్య కలదు. అది ‘తీయు’ ధాతువు. తెలుగున ‘తలుపు తీయు’ అనగా తెరచుట. ‘తాళము తీయు’ అనగా విప్పుట. ‘కరెంటు తీయు’ అనగా నిలుపుట. క్రేనుమీదికెక్కి పనిచేయునపుడు ప్రధానస్విచ్చిని ఆపి, దానికి తాళము వేసి, తాళపుచెవిని పనిచేయువాడే తనవద్ద నుంచుకొనవలెను. పని ముగిసిన పిమ్మట తానే విప్పవలెను. ఇది లోకమంతట పాటింపబడు పద్ధతి. ఇట్టి సమయమున పైనుండి ఒకడు ‘తీసినారా?’ అని యడుగును. క్రిందినుండి ‘తీసేసినాం’ అని బదులు వచ్చును. అడిగినవాని మనస్సులో నున్నది కరెంటు. చెప్పినవాని మనస్సులో నున్నది తాళము. ఇరువురును సరియైన తెలుగే మాటాడిరి. ఇంగ్లీషు గ్రంథమును మక్కికి మక్కి అనువదించినను ఇట్టి యపాయమే. విద్యుచ్ఛాస్త్రమున స్విచ్చిని ‘మూయుట’ యనగా కరెంటు ప్రవహింపజేయుట. మన పనివానికి ‘మూయుము’ అన్నచో ఆపుమని తోచును. కనుక ఇచట ‘తీయు’, ‘మూయు’ రెంటిని విడిచి, ‘కరెంటు ఆగింది, తాళం పడింది, చెవి నా దగ్గరుంది’ అని మూడు వేరు వాక్యములుగా పలికించి, వినువానిచే తిరిగి పలికింపవలెను. వేదాధ్యయనమున గురువు పలికినదానిని శిష్యుడు తిరిగి పలుకుట మనకు తెలిసినదే. ఇచట ప్రయోజనము వేరైనను పద్ధతి యదియే.

6

పదములనుండి పాఠమునకు వత్తము. పనివానికి తెలిసిన వస్తువులనుండి తెలియని విషయమునకు పోవుట ఉత్తమ బోధనపద్ధతి. ఇందుకు మన గృహములలోని ఉట్టి చక్కని యుదాహరణము. ఉట్టితాళ్ళు పొడవుగానున్నచో కుండను సులభముగా మోయును. అదే కుండను పొట్టితాళ్ళతో వెడల్పుగా లాగి కట్టినచో తాళ్ళు తెగును. స్లింగునకును ఇదియే న్యాయము. 2 టన్నుల బరువును రెండు కాళ్ళ స్లింగుతో ఎత్తునపుడు కాళ్ళు నిలువుగానున్నచో ఒక్కొక్కదానిమీద 1 టన్ను పడును. కాళ్ళ నడుమ కోణము 60 డిగ్రీలైనచో సుమారు 1.15 టన్నులు, 90 డిగ్రీలైనచో సుమారు 1.41 టన్నులు, 120 డిగ్రీలైనచో పూర్తిగా 2 టన్నులు ఒక్కొక్క కాలిమీద పడును. అనగా రెండు కాళ్ళుండియు ప్రతికాలును మొత్తము బరువును మోయుచున్నట్లే. ఈ లెక్కను త్రికోణమితితో చెప్పినచో వినరు. ఉట్టితో చెప్పినచో మరువరు.

మోకు విషయమును అట్లే. చాంతాడు ‘పేట’ తెగినచో నూతిలో చేద పడునని ఇంటింట తెలియును. ఇనుపమోకునకును పేటలే కలవు. పేటకు తీగలు కలవు. తీగలు తెగి ముళ్ళవలె లేచినను, మోకు సన్నగిలినను, మెలి పడినను, పేటలు ఉబ్బి పంజరమువలె విచ్చినను దానిని తీసివేయవలెను. బరువు సరిగా హుక్కు క్రిందనే ఉండవలెను. ప్రక్కనుండి ఈడ్వరాదు. ఎడ్లబండిని పగ్గముతో ప్రక్కకు లాగుట అలవాటైన చేతికి ఈ నియమము కష్టముగా తోచును. కాని ప్రక్కకు ఈడ్చినచో మోకు పీపా గాడినుండి తప్పును, బరువు లేచినక్షణమున లోలకమువలె ఊగి మనిషిని కొట్టును.

ప్రతి పాళీ ఆరంభమున చేయవలసిన పనులను క్రమముగా నేర్పవలెను. బరువు లేకుండ హుక్కును మెల్లగా పైకి పోనిచ్చి, పై హద్దువద్ద లిమిట్ స్విచ్చి తనంతట ఆపుచున్నదా యని చూడవలెను. బరువును కొలదిగా ఎత్తి నిలిపి, బ్రేకు పట్టుచున్నదా యని చూడవలెను. హుక్కునకు చిలుక సరిగా పడుచున్నదా యని చూడవలెను. బ్రేకును గూర్చి పనివారికి ఒక సామాన్యభ్రమ కలదు: కరెంటు పోయినచో బరువు పడిపోవునని. నిజమునకు స్ప్రింగు బ్రేకును బిగించియుంచును. కరెంటు వచ్చినపుడే అది విడివడును. కనుక కరెంటు పోయినపుడు పరుగెత్తక, మీటలన్నిటిని ‘ఆఫ్’ స్థానమునకు తేవలెను. లేనిచో కరెంటు తిరిగివచ్చినక్షణమున క్రేను చెప్పకయే కదలవచ్చును. కారణము తెలిసినవాడు భయపడడు. కారణము తెలియక నియమమును కంఠస్థము చేసినవాడు ఆపత్సమయమున దానిని మరచును.

ఫెర్రో ఎల్లాయ్స్ కొలుములవద్ద ఈ జాగ్రత్తలు ఇబ్బడి ముబ్బడిగా కావలెను. అచట హుక్కునకు వ్రేలాడునది కరగిన లోహము. 2007 ఏప్రిల్ 18న చైనాదేశపు లియావొనింగ్ రాష్ట్రమునందలి ఒక ఉక్కు కార్ఖానాలో సుమారు 30 టన్నుల కరగిన ఉక్కుగల లాడిల్ క్రేనునుండి పడి, సమీపపుగదిలో పాళీ మారుటకై చేరియున్న 32 మంది మరణించిరి. క్రేను దారిక్రింద మనుష్యులు చేరు గది ఉండరాదన్నది ఆ దుర్ఘటన నేర్పిన పాఠము. మనకు సమీపమున, 2020 ఆగస్టు 1న, విశాఖపట్టణము హిందూస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేను పరీక్షాసమయమున కూలి 11 మంది మరణించిరి. అది రేవుగట్టున నిలుచు వేరుజాతి క్రేను. ఆ దుర్ఘటనను భాషాదోషమునకు అంటగట్టుట సరికాదు. పరీక్ష జరుగునపుడు అవసరములేనివారు యంత్రముమీదను, క్రిందను ఉండరాదన్న నియమము ఎంత ముఖ్యమో మాత్రము దానివలన తెలియుచున్నది.

7

పరిభాషను గూర్చి ఒక మాట. యంత్రభాగములకు క్రొత్తగా సంస్కృతపదములు కల్పించుటవలన ఇచట ప్రయోజనము లేదని మా నిశ్చితాభిప్రాయము. క్రేను, హుక్కు, స్లింగు, బ్రేకు, లిమిట్ స్విచ్చి అన్నవి పనివాని నోట తెలుగు ప్రత్యయములతో కలసి తెలుగులైనవి. మోకు, పేట, కొక్కెము, గిలక, చిలుక మొదలగునవి సహజముగా యంత్రమునకు సంక్రమించినవి. వీనిని కాపాడవలెను. సంస్కరింపవలసినది నామవాచకములను కాదు, క్రియలను. ఎత్తు, దించు, ఆపు, తీయు, ఒగ్గు: ప్రాణాపాయము ఈ అయిదారు క్రియలయందే దాగియున్నది. మన పదకోశములు వస్తువుల పేర్లను సమృద్ధిగా సేకరించినవి. పనిచేయుచు ఒకరితోనొకరు పలుకు ఆజ్ఞావాక్యములను అంతగా సేకరింపలేదు. పరిశోధకవిద్యార్థులు చేయదగిన పని ఇచట మిగిలియున్నది. గరివిడి, బొబ్బిలి, పైడిభీమవరములలో ఒక్కొక్క శాలకు పోయి, పాళీ మారు సమయమున నిలిచి, ఏ మాటకు ఎవరు ఏమి చేయుచున్నారో వ్రాసికొనవలెను. అర్థము ద్వివిధమైన ప్రతి మాటను పట్టిక వేసి శిక్షకుని చేతికీయవలెను.

ఈ గడ్డమీదనే 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించుటకు పూనుకొనిరి. వినువానికి తెలిసిన భాషలో చెప్పనిచో చెప్పినట్లే కాదన్నది వారి జీవితమునకు సారము. మేమీ వ్యాసమును పత్రికాసంప్రదాయము ననుసరించి గ్రాంథికమున వ్రాసితిమి. క్రేను క్రింద నిలిచిన కుర్రవానికి ఇందలి ఒక్క వాక్యమును ఈ రూపమున చెప్పరాదు. అతనికి కావలసినది మూడు మాటలు. అవి సందేహమునకు తావులేని మాటలుగా ఉండునట్లు చూచుట తెలుగు నేర్చినవారి బాధ్యత.